ఊచల మధ్య గరిటె

సైరన్ మోగింది. పక్క గేటు తెరుచుకోలేదు.

మినియాంగ్ అన్నం గిన్నె మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రోజూ అయితే ఆవిరి ఆమె మొహానికి తగిలేలోపే ముందు బల్ల నిండిపోయేది. నీలం చొక్కాల ఆడపిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ వచ్చి, వరసగా పెట్టిన గిన్నెల మూతలు తామే ఎత్తి చూసి, "ఇది వద్దు, అది! సగం కూర చాలు. పులుసు మాత్రం నిండుగా పొయ్యండి ఆలింగ్ మినియాంగ్" అని గోల పెట్టేవాళ్లు. ఆ ఊళ్లో పెద్ద ఆడవాళ్లని 'ఆలింగ్' అనీ, మగవాళ్లని 'మాంగ్' అనీ మర్యాదగా పిలుస్తారు. ఇవాళ రోడ్డుకి అవతల, బట్టల ఫ్యాక్టరీ గోడలో ఉన్న ఆ చిన్న ఇనప గేటుకి కొత్త తాళం వేలాడుతోంది. తాళం పక్కన గార్డు తెబాన్ నిలబడి ఉన్నాడు. ఆయన చూపులు ఈ హోటలు మీద తప్ప అన్ని చోట్లా ఉన్నాయి.

"ఏం మాంగ్ తెబాన్, తాళంచెవి గానీ మింగేశారా?" అని పక్క కొట్టులోంచి పిలాంగ్ అరిచింది. అరటికాయలకు పంచదార పాకం పట్టేలా వేయించి, పుల్లలకు గుచ్చి అమ్ముతుంది ఆవిడ. ఆవిడ నోరు కూడా ఆ మూకుడులాగే ఎప్పుడూ సలసల కాగుతూ ఉంటుంది.

"నన్నేం చేయమంటావమ్మా!" అన్నాడు తెబాన్ గేటు లోపలి నుంచే. "లోపల కొత్త క్యాంటీన్ తెరిచారు. మనీలా నుంచి పెద్ద కంపెనీ వచ్చింది. ఇంక అందరూ లోపలే తినాలంట. బయటికెళ్లినవాళ్లు పనికి ఆలస్యంగా వస్తున్నారంట."

"మరి మా సంగతో?"

"అది ఆర్డరు కాగితంలో రాయలేదు."

మినియాంగ్ గిన్నె మీద మూత పెట్టి, ఈగలు వాలకుండా పైన గుడ్డ కప్పింది. పొయ్యి మీద పెద్ద గుండిగలో చింతకాయ పులుసు మరుగుతోంది. పంది ఎముకలు, ముల్లంగి, చివర్లో వేసే తూటికూర. సినిగాంగ్ అనే ఆ పులుసుకి ఆమె ఎన్నడూ డబ్బులు తీసుకోలేదు. అన్నం కొన్నవాళ్లకి పులుసు ఊరికే. అన్నం ఇంటినుంచి తెచ్చుకున్నవాళ్లకీ ఊరికే. ఆ రోసారియో ఊళ్లో ఏ హోటల్లోనైనా అంతే. అయినా ఆమె పులుసు కోసమే అవతలి వీధి హోటళ్లు దాటి వచ్చేవాళ్లున్నారు.

ఆ మధ్యాహ్నం తిన్నది ఒక్క ఉస్తింగే. మోటారు సైకిలుకి తొట్టి తగిలించుకుని, అందులో మనుషుల్ని తిప్పుకు బతికే మనిషి. ఫ్యాక్టరీ పిల్లల్ని పొద్దున పనికీ సాయంత్రం ఇళ్లకీ చేర్చేది ఆయనే. ఆయనకు నాలుగు మెతుకులు లోపల పడితే చాలు, దేశం గురించి మాట్లాడాలనిపిస్తుంది.

"నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నా. దేశాన్ని మోసేది మనలాంటి చిన్నవాళ్లే. ఈ పెద్ద కంపెనీలు వస్తాయి, నోటికాడ కూడు లాక్కుంటాయి, రేపు ఇంకో దేశంలో కూలి చవగ్గా దొరికితే మూట కట్టుకుని పోతాయి."

"అలా గడ్డి పెట్టండి" అంది పిలాంగ్.

"ఊరుకోండి మాంగ్ ఉస్తింగ్" అంది మినియాంగ్. "ఆ ఫ్యాక్టరీ రాకముందు ఇక్కడేముంది? ఉప్పు మళ్లు. అప్పుడు మీ బండి ఎవరెక్కేవాళ్లు? కొంగలా?"

"మరి ఇన్నేళ్లూ ఆ ఫ్యాక్టరీ పిల్లలకి అన్నం పెట్టిందెవరు? కొంగలా?"

మినియాంగ్‌కి నవ్వొచ్చింది. కానీ గుండిగ వైపు చూసేసరికి ఆ నవ్వు పోయింది. పులుసు అంచుదాకా ఉంది. సాయంత్రం దాన్ని వీధిలో వాళ్లకీ వీళ్లకీ పంచి, మిగిలింది పిలాంగ్ పెంచే పందికి పోసింది.

*

మర్నాడు తెల్లవారాక, చిన్న గిన్నె చాలని తనకు తాను గట్టిగా చెప్పుకుంది. చెప్పుకుంటూనే కొక్కెం మీది పెద్ద గుండిగ దించి కడిగింది. నీళ్లు పోసింది. ఎముకలు వేసి, పైకి తేలిన నురగ తీసేసి, చింతకాయలు ఉడికించి గుజ్జు పిసికే సమయానికి గానీ తను చేసింది ఏమిటో ఆమెకు తెలియలేదు. ఏళ్ల తరబడి వండిన చేతులు. తాళం సంగతి వాటికెవరు చెప్తారు?

సైరన్ మోగింది. గేటు తెరుచుకోలేదు. రోడ్డు వెంట ఉన్న కొట్లవాళ్లంతా చేతులు కట్టుకుని అటే చూస్తూ కూర్చున్నారు.

భోజనాల వేళ దాటిపోయాక, ఫ్యాక్టరీ పెద్ద గేటు వైపు నుంచి చుట్టు తిరిగి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. తలకు నల్లటి వల టోపీలు, మెడలో ఆకుపచ్చ ఏప్రన్‌లు. గబగబా లోపలికొచ్చి వెనక బల్ల దగ్గర కూర్చుని, "అన్నం, సగం కూర. త్వరగా పిన్నీ" అన్నారు.

"మీరు ఆ క్యాంటీన్ పిల్లలు కాదూ? మీకక్కడ తిండి లేదా?"

"వడ్డించేవాళ్లకి ఏం మిగులుతుంది? ప్లేటు తీసుకుంటే జీతంలో కోసుకుంటారు" అంది ఒకతి, నోరు నిండా అన్నంతో.

పిలాంగ్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "విన్నావా వదినా? వాళ్ల వంట వాళ్లే తినలేకపోతున్నారు!"

ఆ నవ్వు ఆగకముందే మరో ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. అదే వల టోపీ, అదే ఏప్రన్. మొహమంతా చెమట. అమ్మాయిలిద్దరూ చెంచాలు పట్టుకుని బిగుసుకుపోయారు. ఆవిడ వాళ్లను చూసి నిట్టూర్చి, "తినండి తినండి. నేనూ అందుకే వచ్చాను" అంటూ బల్ల మీద కూలబడింది.

ఆవిడ పేరు డెల్ఫినా. కంపెనీ తరఫున క్యాంటీన్ నడిపే సూపర్‌వైజరు. పిలాంగ్ ఊహించుకున్నట్టు కోరలేమీ లేవు. కాళ్లు నొప్పి పుట్టి చెప్పులు విడిచి కూర్చున్న నడివయసు మనిషి. పులుసు రెండు గుక్కలు తాగి గిన్నెలోకి చూసింది. మళ్లీ తాగింది. గిన్నె ఖాళీ అయ్యాక సంచీలోంచి ప్లాస్టిక్ కవరొకటి తీసి బల్ల మీద పెట్టింది. అందులో కొత్త ఏప్రన్, వల టోపీ ఉన్నాయి.

"ఆలింగ్ మినియాంగ్, నాకో వంటమనిషి కావాలి. నెల జీతం. ఆదివారం సెలవు. ఒంట్లో బాగాలేకపోతే ఆస్పత్రి ఖర్చు కంపెనీదే. మీరు ఉదయం షిఫ్టుకొచ్చి వండి వెళ్లిపోవచ్చు. గేటు ఎలాగూ మూశారు. నేను మూయించలేదు, ఒట్టు. మా మనీలావాళ్లకీ ఫ్యాక్టరీకీ మధ్య కుదిరిన ఒప్పందం అది. శుక్రవారానికి ఏదో ఒక మాట చెప్పండి."

మినియాంగ్ ఆ కవరును గోడకున్న మేకుకి తగిలించింది. వద్దని తిరిగిచ్చే పౌరుషం ఆమెకు రాలేదు. మోకాళ్లు రెండూ ఏడాదిగా పీకుతున్నాయి. ఆస్పత్రి ఖర్చు కంపెనీదే అన్న మాట ఆ మోకాళ్లకే ముందు వినబడింది.

సాయంత్రం కూతురు బీటా పనినుంచి వచ్చి, బూట్లు విప్పుతూనే ఆ కవరు చూసింది. బీటా ఆ ఫ్యాక్టరీలోనే చొక్కాలకు కాలర్లు కుడుతుంది.

"ఒప్పుకోమ్మా" అంది, సంగతంతా విని. "నువ్వు చీకటితో లేచి బజారుకి పరిగెత్తక్కర్లేదు. ఈ ఇంటికి రేకులు ఎవరి డబ్బుతో వచ్చాయి? నా జీతంతో. పెద్ద కంపెనీ అంటే నీకు ఉస్తింగ్ బాబాయి చెప్పే భూతం కాదు."

"భూతమని నేనన్నానా? వంద మందికి పైగా ఉన్న ఈ వీధి సంగతేంటా అని చూస్తున్నా. నా దగ్గర తిన్నవాళ్లే కదా పిలాంగ్ దగ్గర అరటికాయ కొనేది."

బీటా బూట్లు గోడవారకి తోసి, "అనలీసా ఇవాళ మిషను మీద పడిపోయింది" అంది.

"ఏ అనలీసా? పులుసులో పచ్చిమిరపకాయ నలుపుకునే పిల్లా?"

"అదే. జీతాలకింకా వారం ఉంది కదా, గండం రోజులు. క్యాంటీన్లో సగం కూర ఇవ్వరు. తీసుకుంటే నిండు ప్లేటే తీసుకోవాలి. పులుసుకి కూడా విడిగా డబ్బులే. పైగా ఆ లైను! అరగంట లైనులోనే అయిపోతుంది. చాలామంది ఇంటినుంచి వట్టి అన్నం తెచ్చుకుని, ఉప్పు చల్లుకుని తింటున్నారు. అనలీసా నిన్న ఆ వట్టి అన్నం కూడా తినలేదట."

మినియాంగ్ చేతిలో ఉన్న తూటికూర కట్ట విప్పి మళ్లీ కట్టింది. నిన్న సాయంత్రం పందికి పోసిన పులుసు గుర్తొచ్చి, ఆమెకు తన మీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది.

*

బుధవారం ఆమె చేతులు పొరబడలేదు. తెలిసే పెద్ద గుండిగ దించింది.

సైరన్‌కి కాస్త ముందు ఉస్తింగ్‌ని కేకేసింది. "దేశాన్ని మోసేది మనమే అంటారుగా. రండి, ముందు ఈ గుండిగ మోయండి."

తొట్టిలో గోనెసంచి పరిచి, గుండిగ పెట్టి, మూత మీద మినియాంగ్ చెయ్యి అదిమి పట్టుకుని కూర్చుంది. రోడ్డు దాటడమే గనక ఉస్తింగ్ బండిని నడకలా నడిపాడు. గేటు ముందు దింపుతుంటే తెబాన్ హడలిపోయాడు.

"ఆలింగ్ మినియాంగ్, బయటివాళ్లు ఇక్కడ అమ్మకూడదు!"

"ఎవరమ్ముతున్నారు? ఊరికే పోస్తున్నా."

"లోపలివాళ్లు బయటికి రాకూడదు."

"నేను రమ్మన్నానా?"

"బయటివాళ్లు లోపలికి..."

"నేనూ రావట్లేదు. గరిటొక్కటే వస్తుంది."

తెబాన్ ఆర్డరు కాగితాన్ని మనసులో మొదట్నించి చివరిదాకా చదువుకున్నట్టున్నాడు. గరిటె సంగతి అందులో దొరకలేదు కాబోలు, వెనక్కి తిరిగి ఆకాశంలో వాన మబ్బుల్ని వెతకడం మొదలుపెట్టాడు.

గోడవార నీడలో కూర్చుని వట్టి అన్నం తింటున్న పిల్లలు ముందు నమ్మలేదు. ఒకతి లేచి వచ్చింది. గేటు ఊచల మధ్య గిన్నె పట్టదు. అందుకని టిఫిన్ డబ్బా మూత వెల్లకిలా ఊచల దగ్గరికి ఆనించి పట్టుకుంది. మినియాంగ్ గరిటె కాడ చివర పట్టుకుని, మణికట్టు తిప్పి, చుక్క కింద పడకుండా పోసింది. రెండో పిల్ల డబ్బానే ఊచలకి ఆనించి పట్టింది, అన్నం మీదే పోయించుకుంది. తర్వాత వరస కట్టారు. ఊదుకుంటూ తాగుతున్న చప్పుడు వినబడింది. అనలీసా వచ్చినప్పుడు మినియాంగ్ గుండిగ అడుగునుంచి కలిపి, ఎముక మీద మాంసం ఉన్న ముక్క చూసి వేసింది.

"తిని వెళ్లి ఒక్క క్షణం కూర్చో. వెంటనే మిషనెక్కకు."

"సరేనమ్మా" అంది ఆ పిల్ల.

చివరికి తెబాన్ కూడా మబ్బులు చూడ్డం మానేసి, మంచినీళ్ల గ్లాసు ఊచల దగ్గర పెట్టాడు.

పొద్దు వాలాక సర్ గలికానో హోటలుకొచ్చాడు. ఫ్యాక్టరీలో కార్మికుల వ్యవహారాలు చూసే ఆఫీసరు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆయనా ఈ బల్ల మీదే సగం కూర తిన్నవాడు. అందుకేనేమో కూర్చోమన్నా కూర్చోలేదు.

"రేపు మాత్రం అలా చేయకండి, ఆలింగ్ మినియాంగ్. బట్టలు కొనే విదేశీ కంపెనీవాళ్లు చూడ్డానికొస్తున్నారు. పిల్లలు ఊచల దగ్గర నిలబడి తాగుతుంటే... చూసేవాళ్లకి అది జైలులా కనబడుతుంది."

"నాకూ అలాగే కనబడింది సారూ" అంది మినియాంగ్. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అనిపించింది, అనేసింది. "గేటు తీయండి. నేను నా కొట్లో కూర్చుంటా. ఊచల దగ్గరికి నేనెందుకొస్తాను?"

"అది నా చేతిలో లేదు."

"తాళంచెవి తెబాన్ దగ్గరే ఉంది కదా."

గలికానో మొహం ఎర్రబడింది. గోడ మీది కవరులో వల టోపీని చూశాడు. "ఆ ఉద్యోగానికి ఒప్పుకోండి. మీ మంచి కోసమే చెప్తున్నా" అని వెళ్లిపోయాడు.

ఆ మాట ఎలా చేరిందో గానీ బీటా ఇంటికొచ్చేసరికే ఆమె మొహంలో రక్తం లేదు.

"అమ్మా, రేపు నువ్వు వెళ్లొద్దు. నా కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతుంది. మళ్లీ రాయిస్తారో లేదో ఆ సారు చేతిలో ఉంది. పులుసు పోసే ఆవిడ కూతురని ఇప్పటికే వేలెత్తి చూపిస్తున్నారు."

మినియాంగ్ కూతురి చేతులకేసి చూసింది. చూపుడు వేలి చివర సూది పోట్లతో గరుకు తేలి ఉంది. ఆ వేళ్లతో సంపాదించిన రేకుల కిందే ఇద్దరూ కూర్చుని ఉన్నారు. పిల్లదాని కూడు చెడగొట్టి ఊరిని ఉద్ధరించేంత గొప్పదాన్నా నేను అనుకుంది.

"వెళ్లనులే" అంది. "పడుకో."

*

గురువారం పొద్దున తెల్లటి కారొకటి పెద్ద గేటులోంచి లోపలికి వెళ్లింది. వీధంతా చూసింది. పిలాంగ్ ఆ కారుకి పెట్టిన పేర్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

పులుసు కాగింది. గుండిగ పొయ్యి మీదే ఉంది. ఉస్తింగ్ బండిని గుమ్మం ముందు పెట్టుకుని, గోనెసంచి కూడా పరిచి పిలుపు కోసం చూస్తున్నాడు.

"ఇవాళ లేదు మాంగ్ ఉస్తింగ్."

"భయపడ్డావా?"

"అవును. భయపడ్డా" అంది మినియాంగ్. ఆయన గోనెసంచి మడిచి తొట్టిలో పెట్టాడు.

సైరన్ మోగింది. ఆమె బల్ల మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ వేళకి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఆమెకు ఊహ తెలిశాక ఇదే మొదలు. గేటు వైపు చూడకూడదనుకుంది. చూసింది.

ఊచల అవతల నీలం చొక్కాలు కనిపించాయి. ఒకటి, రెండు, తర్వాత గుంపు. నిన్నటికంటే ఎక్కువమంది. చేతుల్లో డబ్బాలు, మూతలు. ఎవరూ కేకలు వేయడం లేదు, పిలవడం లేదు. ఊరికే నిలబడి రోడ్డు ఇవతలికి చూస్తున్నారు. వాళ్లందరికంటే ముందు, ఊచల్లోంచి మూత బయటికి చాపి నిలబడ్డ పిల్ల చెయ్యి చూడగానే మినియాంగ్‌కి ఇంక కూర్చోబుద్ధి కాలేదు. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది.

"మాంగ్ ఉస్తింగ్" అంది లేస్తూ. "బండి తియ్యండి."

గుండిగ గేటు ముందు దిగాక మినియాంగ్ కూతురి వైపు వంగి, గొంతు తగ్గించి, "రావొద్దన్నావు కదే" అంది.

"అనలీసా పక్కన కూర్చుని కాలర్లు కుట్టేది నేను, నువ్వు కాదు" అంది బీటా. ఆమె కళ్లు నిండి ఉన్నాయి గానీ చెయ్యి కదలడం లేదు. "పొయ్యమ్మా. వెనక చాలామంది ఉన్నారు."

మినియాంగ్ పోసింది. మూతలో పులుసు నిండింది. బీటా దాన్ని తను తాగకుండా వెనక్కి తిరిగి అనలీసాకి ఇచ్చి, ఇంకో మూత చాపింది.

విదేశీవాళ్లు అప్పుడే కుట్టు షెడ్డులోంచి బయటికొచ్చారు. ఒక పొడుగాటి ఆడమనిషి, ఒక మగమనిషి, వెనకాల గలికానో. ఆ ఆడమనిషి ఆగి, గేటు దగ్గరి గుంపుకేసి చూసి ఏదో అడిగింది. గలికానో ఏదో చెప్పాడు. ఆవిడ మళ్లీ అడిగింది. ఆయన ఈసారి నేల చూశాడు, పిల్లల్ని చూశాడు, మినియాంగ్ చేతిలో ఊచల మధ్య సగం లోపల సగం బయట ఉన్న గరిటెను చూశాడు. తర్వాత పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ గేటు దగ్గరికొచ్చాడు.

బీటా మూతను రెండు చేతులా పట్టుకుంది. మినియాంగ్ గరిటె వెనక్కి తీసుకోలేదు.

"తెబాన్" అన్నాడు గలికానో. "తాళం తీయి."

"సార్?"

"ఇవాళ్టికి తీయమంటున్నా. ఎండలో నిలబెట్టి ఏం చూస్తున్నావ్?"

తెబాన్ జేబులన్నీ తడుముకున్నాడు. తాళంచెవి మెడలోనే ఉంది. గేటు కిర్రుమని తెరుచుకుంది. పిల్లలు ఒక్క ఉదుటున రాలేదు. ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు. రోడ్డు దాటాక మాత్రం పరిగెత్తారు. పిలాంగ్ మూకుడు కింద మంట ఎగదోస్తూ ఏడుస్తోంది, ఏడుస్తూనే, "నెమ్మదే పిల్లా, నూనె మీద పడుతుంది!" అని తిడుతోంది.

*

గేటు ఇవాళ్టికి మాత్రమే. ఆ మాట మినియాంగ్ మరిచిపోలేదు.

ఆ సాయంత్రం ఆమె పెసల డబ్బా ముందేసుకుని కూర్చుంది. శుక్రవారం పెసల కూర వండాలి. రోసారియోలో శుక్రవారం పెసలు ఉడకని హోటలుండదు. నానబెడితే రేపు కొట్టు తెరవాల్సిందే. తెరిచాక గేటు మూసే ఉంటే అన్ని పెసలూ పిలాంగ్ పందికే. నానబెట్టకపోతే, పొద్దున్నే ఆ వల టోపీ పెట్టుకుని పెద్ద గేటులోంచి లోపలికి వెళ్లిపోవచ్చు. మోకాళ్లకి ఆస్పత్రి.

బీటా పక్కన కూర్చుని డబ్బాలో చెయ్యి పెట్టి పెసలు వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తోంది.

"నన్ను సారు ఏమీ అనలేదు" అంది. "నేను తిరిగి లోపలికి వెళ్తుంటే 'పులుసు ఇంకా అలాగే ఉంటుందా?' అని మాత్రం అడిగాడు."

"ఏమన్నావు?"

"వచ్చి తాగి చూడమన్నా."

మినియాంగ్ కూతుర్ని పరాయి మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత డబ్బా ఎత్తి, కొలవకుండా, గిన్నెలోకి వంచింది.

"అమ్మో, అన్నీనా!" అంది బీటా.

"అన్నీ" అంది మినియాంగ్, నీళ్లు పోస్తూ.

*

శుక్రవారం సైరన్ మోగేసరికి వీధిలో గరిటెల చప్పుడు కూడా ఆగిపోయింది. గేటు అవతల తెబాన్ కనబడలేదు. తాళం వేలాడుతూనే ఉంది. మినియాంగ్ పెసల కూర కలిపిందే మళ్లీ మళ్లీ కలుపుతోంది. అడుగంటుతుందేమోనని భయం ఒకవైపు, ఇంకోవైపు ఆ భయం ఎందుకులే, తినేవాళ్లెవరని.

అప్పుడు ఊచల అవతల నల్లటి వల టోపీ కనబడింది. డెల్ఫినా! వెనకాల తెబాన్ పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. "తీయండి మాంగ్ తెబాన్, నా ప్రాణం తీయకుండా తాళం తీయండి" అంటోంది ఆవిడ. గేటు తెరుచుకుంది. అందరికంటే ముందు ఆవిడే రోడ్డు దాటి, చెమట తుడుచుకుంటూ బల్ల మీద కూలబడింది.

"మీరు లైను వదిలేసి వచ్చారేంటి?" అంది మినియాంగ్.

"లైనా! నిన్న గేటు తీశాక మొదటిసారి నా లైను అరగంటలో అయిపోయింది. వచ్చినవాళ్లందరూ తిన్నారు. నా వంటిల్లు అంతమందికే సరిపోతుంది. అందరికీ వండాలంటే గంట కావాలి, వాళ్లిచ్చేది అరగంట. మూడు రోజులు సగం మంది తినకుండా మిషన్లెక్కారు, మధ్యాహ్నం కుట్టు పడిపోయింది. నిన్న ఒక్కరోజే బాగా సాగిందట. పొద్దున్నే వెళ్లి ఆఫీసులో చెప్పా. గేటు తెరిస్తే నా క్యాంటీన్ నిలబడుతుంది, మూస్తే నేనే మూట కట్టుకుని పోతానని. ఆ గలికానో సారు నాకంటే ముందే ఈ మాట చెప్పి ఉన్నాడు. ఇంక గేటు రోజూ తీస్తారట." ఆవిడ గాలి పీల్చుకుంది. "సోమవారం నుంచి నేనూ సగం కూర ఇస్తున్నా. మా మనీలావాళ్లతో పోట్లాడి ఒప్పించా. ఇంతకీ మీ జవాబేంటి?"

మినియాంగ్ మేకుకున్న కవరు దించి, ఏప్రన్ తీసి మడత పెట్టి ఆవిడ చేతిలో పెట్టింది. వల టోపీ మాత్రం తలకి పెట్టుకుని, చెవుల మీదికి లాక్కుంది.

"ఇది ఉంచుకుంటా. పులుసులో వెంట్రుక పడకుండా బావుంటుంది."

డెల్ఫినా పెద్దగా నవ్వింది. "ఉంచుకోండి. నాకు మాత్రం పెసల కూర సగం. పులుసు నిండుగా."

ఈలోగా బల్లలు నిండిపోయాయి. పిల్లలు గిన్నెల మూతలు ఎత్తి ముక్కుపెట్టి చూస్తున్నారు. బీటా తన అరగంటలో సగం వడ్డనకే ఇచ్చేసి, మోచేతుల దాకా అన్నంలో మునిగి ఉంది. ఉస్తింగ్ మూలన చోటు సంపాదించి, నోట్లో ముద్ద ఉండగానే మొదలుపెట్టాడు.

"ఇంతకీ తేల్చి చెప్పు ఆలింగ్ మినియాంగ్. చిన్నవాళ్లు గెలిచారా, పెద్దవాళ్లా?"

"కొంగలు గెలిచాయి. తినండి, చల్లారిపోతుంది."

నవ్వులు లేచాయి. ఆ సందడిలో అనలీసా వచ్చి గుమ్మం బయటే ఆగింది. లోపల చోటు లేదనుకుందో ఏమో, నిలబడ్డ చోటినుంచే, డబ్బా మూత వెల్లకిలా పట్టుకుని, చెయ్యి బారుగా ముందుకు చాపింది. మొన్న ఊచల మధ్య చాపినట్టే.

మినియాంగ్ గరిటె ఎత్తింది. ఎత్తి, మళ్లీ గుండిగలో పెట్టేసింది. బల్లల మధ్య నుంచి వెళ్లి ఆ పిల్ల మణికట్టు పట్టుకుని లోపలికి లాగి, డెల్ఫినాని కాస్త జరగమని, ఆవిడ పక్కన కూర్చోబెట్టింది.

"ఇక్కడ ఊచలు లేవే పిల్లా" అంది. చేతిలోంచి మూత తీసి పక్కన పెట్టి, పెద్ద గిన్నె తెచ్చి ముందు పెట్టింది.